బొల్లిమచ్చ: నేటి శాస్త్రము, మన కర్తవ్యము

(సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



చర్మారోగ్యమును గూర్చి నేటి శాస్త్రజ్ఞులు చేయుచున్న పరిశోధనలను సభవారికి తెలుగున విన్నవింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరినప్పుడు మేము మొదట వెనుదీసితిమి. మేము వైద్యులము కాము. ముప్పదియాఱేండ్లు ఉన్నతపాఠశాలలో పిల్లలకు శబ్దమంజరియు, అమరకోశమును, తెలుగు పద్యములును చెప్పి విరమించిన బడిపంతులము. అయినను పంతులు చేయు పని యెప్పుడును ఒకటే గదా: తాను పెద్దలవలన నేర్చినదానిని, చేర్పక, తీయక, వినువారికి తెలియునట్లు చెప్పుట. ఆ పనిమాత్రము చేయగలమను ధైర్యముతో మీ యెదుట నిలిచితిమి.

చర్మశాస్త్రము సముద్రమువంటిది. అందుండి బొల్లియను నొక్క వ్యాధిని మాత్రమే నేడు తీసికొందుము. సంస్కృతమున దీనిని శ్విత్రమనియు, కిలాసమనియు అందురు. పాశ్చాత్యవైద్యులు విటిలైగో అందురు. దీనినే యేల ఎంచుకొంటిమో ఉపన్యాసాంతమున చెప్పుదుము. అది మా తప్పునకు సంబంధించిన మాట.

మన యిండ్లలో ఈ మచ్చకు గల భయము మీకు తెలియనిది కాదు. పెండ్లిచూపులనాడు పిల్ల పాదములను, మోచేతులను మాటలనడుమ పరికించు పెద్దలను మీరెఱుగుదురు. "ఆ యింట బొల్లి యున్నదట" యను నొక్క మాట, నిజమైనను కాకున్నను, కుదిరిన సంబంధమును చెఱుపగలదు. అక్కకు మచ్చ కనబడినచో చెల్లెలి పెండ్లి నిలిచిపోవును. మచ్చ గలవాడు నడివేసవిలోనైనను పొడుగుచేతుల చొక్కా విప్పడు. విందులో వానిని వడ్డింపనీయరు. కొన్ని యిండ్లలో వాని గ్లాసు వేఱు. విచారించి చూడగా ఈ వ్యాధివలన శరీరమునకు కలుగు బాధ మిక్కిలి స్వల్పము. నొప్పి లేదు. దురద సామాన్యముగా లేదు. ప్రాణభయము లేదు. బాధలో నధికభాగము ఇతరుల చూపులవలన కలుగునదే.

లోకములో ప్రతి రెండువందలమందిలో ఒకరు మొదలు నలుగురివఱకు ఈ వ్యాధి కలవారని లెక్కలు చెప్పుచున్నవి. వారిలో ఇంచుమించు సగముమందికి ఇరువదియేండ్ల లోపుననే ఇది మొదలగును. కావున ఈ పందిటిలో కూర్చున్న మనవారిలోను కొందఱు ఉందురు. వారు చేతులు దాచుకొని మా మాటలు వినుచుందురు. మేము ముఖ్యముగా వారిని తలచియే మాటలాడుచున్నాము.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక మొదట మన ప్రాచీనులు చెప్పినదానిని చూతము. అథర్వవేదము ప్రథమకాండమున 23, 24 సూక్తములు ఈ మచ్చ పోవుటకై చేసిన ప్రార్థనలు. రాత్రివలె నల్లనిదగు నొక యోషధిని పిలిచి, ఈ చర్మమునకు నీ రంగు నిమ్మని ఋషి వేడుకొనెను. మచ్చ పుట్టినవానిని వెలివేయుడని చెప్పలేదు. మచ్చకు మందు వెదకెను. సుశ్రుతుడు నిదానస్థానమున కుష్ఠమునకును కిలాసమునకును గల భేదమును స్పష్టముగ విడదీసెను. కిలాసము చర్మమునందు మాత్రమే యుండునదనియు, స్రవింపనిదనియు ఆయన నిర్ణయము. రెండు వ్యాధులను ఒకటిగా కలిపి భయపడుచున్న మనకంటె ఆ ప్రాచీనుడు మేలుగా చూచెను.

అయితే మన గ్రంథములలో నున్నదంతయు ఇట్లే యున్నదని చెప్పుట సత్యము కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున అసత్యవాక్యమును, కృతఘ్నతయును, పూర్వకర్మమును కిలాసమునకు కారణములుగా చెప్పబడినవి. మనుస్మృతి మూడవ యధ్యాయమున వివాహమునకు వర్జింపదగిన కులములలో శ్విత్రము గల కులమును చేర్చిరి. ఈ రెండు మాటలే మన యిండ్లలో నేటికిని నడచుచున్నవి. శ్లోకము నోటికి రానివారికి సైతము దాని భయము వచ్చును. పూజ్యగ్రంథములను తిరస్కరింపుడని మేము చెప్పుటలేదు. సూక్ష్మదర్శినియు, రక్తపరీక్షయు లేని కాలమున కన్నులకు కనబడినంత మేరకే వారు చెప్పిరి. కనబడని కారణమునకు పాపమని పేరుపెట్టిరి. ఇప్పుడు కారణము చాలవఱకు కనబడుచున్నది. కనబడిన పిమ్మటను ఆ పాత పేరునే పట్టుకొని వ్రేలాడుట మన దోషమే గాని వారి దోషము కాదు.

ఆ కారణమెట్టిదో వినుడు. మన చర్మపు పైపొర అడుగుభాగమున రంగును తయారుచేయు కణములు కలవు. వానికి మెలనోసైటులని పేరు. అవి మెలనిన్ అను రంగుపదార్థమును చేసి, చుట్టునున్న ఇతర చర్మకణములకు పంచిపెట్టును. ఒక్కొక్క రంగుకణము ముప్పదికి పైబడిన పొరుగుకణములను పోషించును. ఇందులో వింత యేమనగా, తెల్లవానికిని నల్లవానికిని ఈ కణముల సంఖ్య యించుమించుగా సమానమే. భేదమంతయు అవి చేయు రంగు యొక్క పరిమాణమునందును, జాతియందును, దానిని పంచుకొను తీరునందును గలదు. మనము ఛాయను చూచి గొప్పలు చెప్పుకొనుటకు చర్మములో నున్న ఆధారము ఇంతియే.

బొల్లి వచ్చినచోట ఈ రంగుకణములు నశించును. ఏల నశించును? మన శరీరమున శత్రువులగు క్రిములను పట్టి చంపుటకు రక్షకభటులవంటి కణములు కలవు. వానిలో టి-కణములనునవి ఒక తెగ. ఏ కారణముచేతనో రంగుకణములు బడలికకు లోనైనప్పుడు, ఈ భటులు వానిని శత్రువులని భ్రమపడి చంపుదురు. చంపునప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అను నొక ద్రవ్యమును విడుతురు. ఆ ద్రవ్యము తగిలిన చర్మకణములు తాము కూడ ఒక విధమైన పిలుపును పంపును. ఆ పిలుపు విని మఱికొందఱు భటులు పరుగెత్తి వచ్చెదరు. ఇట్లు ఒక చుక్క మచ్చయగును, మచ్చ పెద్దదగును. ఈ పిలుపులలో ముఖ్యమైనదానిని అడ్డగించినచో ఎలుకలలో మచ్చ వ్యాపింపదనియు, పోయిన రంగు తిరిగి వచ్చుననియు అమెరికాదేశమున మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు జాన్ హారిస్ మొదలగువారు 2014లో ప్రకటించిరి.

ఇందువలన తేలిన విషయమేమనగా, బొల్లికి కారణము బయటినుండి వచ్చు క్రిమి కాదు. క్రిమియే లేనిచోట అంటుట యెక్కడిది? ముట్టుకొన్నను, ఒక పళ్లెమున తిన్నను, ఒక పడకపై పరుండినను, దంపతులై కాపురము చేసినను ఇది ఒకరినుండి మఱియొకరికి రాదు. పాలును చేపలును కలిపి తినుటవలన వచ్చుననుటకు ఆధారము లేదు. తన యింటి కావలివాడు తన బిడ్డనే దొంగయని కొట్టిన యట్టిది ఈ వ్యాధి. కొట్టబడిన బిడ్డను మనము దొంగయనుచున్నాము.

"అంటకపోయినను వంశమున దిగును గదా" యని మీరడుగవచ్చును. ఈ ప్రశ్న పెండ్లిండ్లకు సంబంధించినది గనుక లెక్కతోనే జవాబు చెప్పవలెను. వంశసంబంధము కొంత కలదు. దీనికి తోడుపడు జన్యుస్థానములను శాస్త్రజ్ఞులు ఇప్పటికి సుమారు ఏబది గుర్తించిరి. అయితే 2003లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఒక్క పిండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి బొల్లి యున్నప్పుడు రెండవవారికి కూడ నుండుట నూటికి ఇరువదిమూడు జంటలలో మాత్రమే కనబడెను. జన్యువులన్నియు ఒక్కటేయైన కవలలలోనే నూటికి డెబ్బదియేడు జంటలలో రెండవవారు మచ్చలేనివారు. తోబుట్టువులలోనైతే నూటికి ఆఱుగురికి మాత్రమే వ్యాధి కనబడెను. అనగా అక్కకు మచ్చ యున్నదని చెల్లెలి సంబంధమును త్రోసివేయువారు నూటికి తొంబదినలుగురు మచ్చలేని పిల్లలను త్రోసివేయుచున్నారు. మిగిలిన ఆఱుగురును త్రోయదగినవారు కారు. అది వేఱు మాట. మధుమేహము గల తండ్రి కుమారునికి పిల్లనిచ్చుటకు మన మెన్నడైన వెనుకాడితిమా? అది ప్రాణమును తినును. ఇది రంగును మాత్రమే తినును.

ఇక చికిత్స. ఇందు మన దేశపు మాట యొకటి గర్వముతో చెప్పదగినది కలదు. మన వైద్యులు బొల్లికి వాడుచు వచ్చిన బావంచాలు మీరెఱిగినవే. సంస్కృతమున బాకుచి. ఆ గింజలనుండి 1933లో జోయిస్, మంజునాథ, వేంకటరావు అను మనదేశపు రసాయనశాస్త్రజ్ఞులు సోరలెన్ అను పదార్థమును వేఱుచేసిరి. ఈజిప్టుదేశమునను అమ్మీ మాజస్ అను నొక మొక్క గింజలను ఇదే వ్యాధికి వాడుట కలదు. 1947లో అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ గింజలలోనుండి సోరలెన్ జాతి పదార్థమునే తీసిరి. 1948లో కైరోనగరపు వైద్యుడు ఎల్ మోఫ్తీ దానిని రోగులకిచ్చి, ఎండలో నుంచి, ఫలితములను ప్రకటించెను. గంగాతీరమునను, నీలనదీతీరమునను వేఱువేఱుగ పుట్టిన పల్లెవైద్యములు రెండును ఒకే పదార్థకుటుంబమునొద్ద కలిసికొనెను.

అయితే ఒక హెచ్చరిక. బావంచాలు నూఱి పూసికొని ఎండలో నిలుచుటవలన చర్మము కాలి బొబ్బలెక్కుట కలదు. కొలత తెలియని మందు మందు కాదు. అందుచేతనే వైద్యులు ఆ మార్గమును చాలవఱకు విడిచి, ఏ మందును పూయకయే ఒక జాతి కిరణములను మాత్రము కొలతప్రకారము చర్మముపై ప్రసరింపజేయు పద్ధతిని అవలంబించిరి. సుమారు 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఆ అతినీలలోహితకిరణములు బొల్లికి ఉపకరించునని 1997లో నెదర్లాండ్సుదేశపు వైద్యులు చూపిరి. వారమునకు రెండు మూడు పర్యాయములు, నెలలకొలది, ఓపికతో ఈ చికిత్స పొందవలెను.

తరువాతిది 2022 సంవత్సరపు వార్త. పైన చెప్పిన పిలుపు కణములోనికి చేరుటకు జాక్ అను నొక ద్వారము కలదు. ఆ ద్వారమును మూయు రుక్సోలిటినిబ్ అను మందును నూటికి ఒకటిన్నరపాలు కలిపిన లేపనమును, ఉత్తర అమెరికా, ఐరోపా ఖండములలో పండ్రెండేండ్లు మొదలు పైవయస్సువారగు 674 మందిపై పరీక్షించిరి. ఇరువదినాలుగు వారములు పూసిన పిమ్మట, మందు పూసికొన్నవారిలో నూటికి సుమారు ముప్పదిమందికి ముఖముపై పోయిన రంగులో ముప్పాతికభాగము, అంతకుమించియు, తిరిగి వచ్చెను. మందులేని వట్టి లేపనము పూసికొన్నవారిలో ఇట్లు వచ్చినవారు ఒక పరీక్షలో నూటికి ఏడుగురు, రెండవదానిలో పదునొకండుగురు. 2022 జూలైలో అమెరికాప్రభుత్వపు ఔషధసంస్థ ఈ లేపనమునకు అనుమతి నిచ్చెను. బొల్లిలో రంగును తిరిగి తెప్పించుటకై అచ్చట అనుమతి పొందిన మొదటి మందు ఇదియే.

ఇది సంపూర్ణముగ కుదుర్చునని మేము చెప్పము. నూటికి ముప్పదియనగా డెబ్బదిమందికి అంతటి ఫలితము కలుగలేదన్నమాట. వెలయు మిక్కిలి యధికము. మఱియు చికిత్స మానిన యేడాదిలోపల పదిమందిలో నలుగురికి మచ్చ తిరిగి కనబడుట కలదు. దీనికిని కారణము తెలిసినది. పోరాటము ముగిసినను కొందఱు భటులు ఆ చోటనే మకాము వేసి, పాతపగను జ్ఞాపకముంచుకొని కాచియుందురు. కావున మచ్చ తిరిగి మొదటిచోటనే పుట్టును. ఈ మకామును ఎత్తివేయు ఉపాయముకొఱకే పరిశోధనలు ఇప్పుడు జరుగుచున్నవి.

మఱియొక ముచ్చట. తిరిగి వచ్చు రంగు ఎక్కడినుండి వచ్చునో యెఱుగుదురా? వెండ్రుక కుదుళ్లలో రంగుకణముల విత్తనములు దాగియుండును. అవి మొలకెత్తి పైకి ప్రాకును. మచ్చనడుమ వెండ్రుకచుట్టును చిన్న గోధుమరంగు చుక్కలు పుట్టుట మంచి శకునము. అందుచేతనే వెండ్రుకలు లేని వ్రేళ్లకొనలు, పెదవులు మొదలగుచోట్ల మందు అంతగా పనిచేయదు. కదలక నిలిచిపోయిన మచ్చలకు మంచిచర్మమునుండి రంగుకణములను తెచ్చి నాటు శస్త్రచికిత్సయు కలదు. మన రైతు నారుమడినుండి నారుతీసి నాటినట్లే గదా!

రసాయనములవలన కలుగు మచ్చలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1939లో అమెరికాలో తోళ్లపరిశ్రమయందు రబ్బరు చేతితొడుగులు వాడిన పనివాండ్ర చేతులు తెల్లబడెను. ఆ రబ్బరులో కలిపిన యొక రసాయనము రంగుకణములకు విషమని తేలెను. మన స్త్రీలు అంటించుకొను బొట్టుబిళ్లల జిగురులోని యొక రసాయనమువలన నుదుట తెల్లమచ్చ పుట్టుట మన దేశపు చర్మవైద్యులు చాలకాలముగ చూచుచున్న విషయము. అట్టి మచ్చ కనబడినచో వెంటనే ఆ బిళ్లను మానవలెను.  జపానుదేశమున 2013లో ఇంకను విపరీతము జరిగెను. చర్మమును తెల్లగ చేయునని అమ్మిన లేపనములలో రోడోడెండ్రాల్ అను రసాయనము చేరియుండెను. అవి పూసికొన్నవారిలో పదునైదువేలమందికి పైగా తెల్లమచ్చలు బయలుదేఱగా అమ్మినవారు సరకు వెనుకకు తీసికొనవలసి వచ్చెను. తెలుపు కావలెనని కోరినవారికి తెలుపే వచ్చెను, కోరిన విధమున రాలేదు. పిల్ల ఛాయ తక్కువయని పెదవి విఱుచు మగపెండ్లివారు ఈ కథను స్మరింతురుగాక.

కుష్ఠును గూర్చియు చెప్పకతప్పదు. మన భయమంతయు ఈ రెంటిని కలుపుటవలననే పెరిగినది. కుష్ఠునకు క్రిమి కలదు. 1873లో నార్వేదేశపు హాన్సెన్ దానిని కనిపెట్టెను. కుష్ఠుమచ్చ సామాన్యముగా స్పర్శను పోగొట్టును. బొల్లిమచ్చ స్పర్శను పోగొట్టదు. పిల్లల బుగ్గలపై పుట్టు పాలిపోయిన మచ్చలును, శోభియు వేఱు. అవి వేఱు కారణములవలన కలుగును. ఏది యేదో ఇంటిలో మనము తేల్చుకొనక వైద్యునిచేత చూపించుకొనవలెను. ఇంతటితో, కుష్ఠురోగి త్రోయదగినవాడని మేమన్నట్లు తలపవలదు. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు సిఫారసు చేసిన బహుళౌషధచికిత్సచే కుష్ఠు సంపూర్ణముగ కుదురును. ఆ మందులు ఉచితముగ నిచ్చుచున్నారు. భార్యకో భర్తకో కుష్ఠున్నదను కారణమున విడాకులు కోరు హక్కును 2019లో మన పార్లమెంటు చట్టములనుండి తీసివేసినది. చట్టము మనకంటె ముందు నడచినది.

ఇప్పుడు మా తప్పును చెప్పుకొందుము. మన సంఘపు విద్యార్థివసతిగృహ నియమావళిలో ఏడవ నియమము ఇట్లున్నది: చేరగోరు విద్యార్థి "బొల్లి, కుష్ఠు మొదలగు చర్మరోగములు లేనివాడై యుండవలెను." ఇరువదిరెండేండ్లక్రిందట ఆ నియమావళిని వ్రాసిన ఉపసంఘమున మేమును ఒకరము. ఆ వాక్యము మా చేతివ్రాతయే. వ్యాకరణదోషము లేకుండ వ్రాసితిమని నాడు సంతోషించితిమి.

మూడేండ్లు గడచిన పిమ్మట ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానికి మంచి మార్కులు. పెదవుల చుట్టును, వ్రేళ్లకొనలయందును తెల్లమచ్చలు. మేము ఏడవ నియమమును చూపితిమి. ఆ తండ్రి జేబులోనుండి కాగితము తీసి, "పంతులుగారూ! ఇది అంటునది కాదని డాక్టరుగారు వ్రాసి యిచ్చినారండి" యనెను. మేము ఆ కాగితమును చదువలేదు. "నియమము నియమమే గదా నాయనా" యంటిమి. అతడు వాదింపలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనెను. పిల్లవాడు మాట్లాడక చేతులను చొక్కాచేతులలోనికి లాగుకొనెను. వారు సాయంకాలపు బస్సునకు వెడలిపోయిరి. మఱుసటి సంవత్సరము విచారింపగా, ఆ పిల్లవాడు చదువు మాని ఎక్కడనో దుకాణములో పనికి కుదిరెనని తెలిసినది. ఇంతకుమించి మాకు తెలియదు.

మూడేండ్లక్రిందట మా మనుమరాలికి, పదునొకండవయేట, ఎడమకంటి క్రింద బియ్యపుగింజంత తెల్లచుక్క కనబడినది. పిదప వ్రేళ్లకును వచ్చినది. ఇంటికి పెద్దవారమైన మేము ఆడిన మొదటిమాట యేమి? "బయటికి పొక్కనీయకుడు." అప్పుడు మా యింటియావిడ నెమ్మదిగా, "మన వసతిగృహములోనికి ఈ పిల్ల పనికిరాదు గదండీ" యనినది. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. పరుల బిడ్డకు వచ్చినప్పుడు మాకు నియమము కనబడినది. మా బిడ్డకు వచ్చినప్పుడు మాకు శాస్త్రము కావలసివచ్చినది. నాటినుండియే ఈ వ్యాధినిగూర్చి చదువ మొదలిడితిమి. నేడు మీకు చెప్పినదంతయు ఆ చదువే. ఆనాడు ఆ తండ్రి కాగితమును చదివియుండినచో ఇందులో ముఖ్యమైన వాక్యము పందొమ్మిదియేండ్లక్రిందటనే మాకు తెలిసియుండెడిది.

పిల్ల కిరణచికిత్సయు, లేపనములును పొందుచున్నది. కంటిక్రింది మచ్చ చాలవఱకు నిండినది. వ్రేళ్లు అట్లేయున్నవి. పొట్టిచేతుల గౌనుతోనే బడికి పోవుచున్నది. ఈ సభలో ఈ సంగతి చెప్పవచ్చునాయని అడిగితిమి. "చెప్పు తాతయ్యా, పేరు మాత్రము చెప్పవద్దు" అన్నది.

కావున సభవారికి నాలుగు విన్నపములు.

మొదటిది: ఏడవ నియమమును కొట్టివేయుడు. వ్రాసిన చేతితోనే ఈ ప్రార్థన చేయుచున్నాము. తీర్మానమును నేడే ప్రతిపాదించుచున్నాము. బలపఱచువారు కావలెను.

రెండవది: మన వివాహసమాచారపత్రమున చర్మపుమచ్చలను గూర్చి యడుగు గడిని తీసివేయుడు. అయితే మచ్చ గలవారు సంబంధము కుదుర్చుకొనునప్పుడు దాచవలదు. దాచినది తరువాత బయటపడినచో మచ్చకంటె మోసమే పెద్దదియగును. చెప్పినవారిని అవమానింపకుండుట మన పూచీ. చెప్పుటకు భయము లేనిచోట దాచుట తానే పోవును.

మూడవది: గతసంవత్సరపు సంచికలో మా వ్యాసమున కెదుటిపుటలోనే ఇరువదియొక్క దినములలో బొల్లిని మాన్పుదుమను ప్రకటన యొకటి అచ్చయినది. ప్రకటనలసొమ్ముతోనే సంచిక నడచునని మాకు తెలియును. అయినను దినములు లెక్కపెట్టి మాన్పుదుమనువారి సొమ్ము మనకు వలదు. ఆ సొమ్ము మనవారి జేబులలోనుండియే తిరిగి పోవును.

నాలుగవది పోషకమహాశయులకు. కిరణచికిత్సకు వారమునకు రెండుదినములు పట్టణమునకు పోవలెను. కూలి పోవును, బస్సుచార్జి యగును. అందుచే బీదలు నడుమ మానివేయుదురు. సంఘపు విద్యానిధినుండి ఏటేట కొంత ఈ ప్రయాణవ్యయమునకు కేటాయించినచో, గుడికి కట్టిన గోపురమునకు తీసిపోని పుణ్యమని మా విశ్వాసము. మఱియు వైద్యశిబిరము నడపునప్పుడు చర్మవైద్యుని కూడ పిలిపింపుడు. బొల్లి గలవారికి కంఠమునందలి థైరాయిడు గ్రంథి వ్యాధి తోడగుట కలదు గనుక దానినిగూర్చియు వైద్యుని యడుగవలెను.

మైకేల్ జాక్సన్ అను గాయకుని పేరు మీ పిల్లలకు తెలియును. చర్మమును తెల్లపఱచుకొనెనని లోకమతనిని నిందించెను. తనకీ వ్యాధి యున్నదని 1993లో అతడు చెప్పుకొన్నను చాలమంది నమ్మలేదు. 2009లో అతడు మరణించిన పిమ్మట శవపరీక్ష దానిని నిజమని తేల్చినది. అతడు మరణించిన జూన్ 25వ తేదిని 2011 నుండి ప్రపంచ బొల్లిదినముగ జరుపుచున్నారు. అంతటివాడు చెప్పినను నమ్మని లోకమున, చిన్న గ్రామపు పిల్లవాడు నోరు తెఱచి యేమి చెప్పగలడు?

నాడు మడత పెట్టబడిన ఆ కాగితమును మేమిప్పుడు చదువజాలము. అట్టి కాగితముతో రేపు మఱియొక తండ్రి మన గుమ్మమునకు వచ్చును. ఆయనను కూర్చుండబెట్టి, కాగితము నడుగకయే పిల్లవానికి పడక చూపించు సంఘము మనదగుగాక యని కోరుచున్నాము.